ఏడో కట్ట పూచీదారు

కార్తీక బహుళ దశమి

ఈ ఉదయం ఎనిమిదింటికి తీర సమితి అధ్యక్షుడు పట్టాభి మేనల్లుడు మురారిని దర్యాప్తు విభాగం అరెస్టు చేసింది. ఏడో కట్ట మేత గోదాములో పట్టుకున్నారు. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. నా ఎదురుగానే బస్తాలు తెరిచారు. చేపఎముకల పొడి, సున్నం ఉండాల్సిన బస్తాల్లో కాలువ ఒండ్రు ఉంది. పైన జానెడు మందాన మాత్రం అసలు మేత పరిచారు. మురారి వాదించలేదు. చొక్కా గుండీలు పెట్టుకుని, తాళంచేతుల గుత్తి తీసి దర్యాప్తు అధికారి భానుమతి చేతిలో పెట్టాడు. "తూర్పు మూల కారుతుందండీ. వానొస్తే బస్తాలు ఇటు జరిపించండి" అన్నాడు.

ఏడో కట్టను పెంచిందీ, ఎనిమిదేళ్ళుగా దానికి మేత వేయిస్తున్నదీ మురారే. చిప్పపురుగు మేత తిని గుల్ల కడుతుంది. గుల్ల మీద గుల్ల పేరుకుని కట్ట లేస్తుంది. సముద్రం లేచినకొద్దీ కట్టా లేవాలి. మేత తగ్గితే పురుగు ముందు పైపొర కట్టుకుంటుంది. లోపల ఏం కట్టిందో, అసలు కట్టిందో లేదో బయటికి కనిపించదు.

సాయంత్రం ఆరింటికి కట్ట కింద వీధి మొదట్లో ఉన్న వార్తల అరుగెక్కి ఈ సంగతి చెప్పాను. బొమ్మనైనా గొంతునైనా ఎవరైనా పుట్టించగలిగే రోజులు వచ్చాక మా తీరంలో వార్తకు ఒకటే నియమం మిగిలింది. చూసిన మనిషి నిలబడి చెప్పాలి. చూడనిది చెప్పకూడదు. నేను ముగించాక ఒక్కరూ మేత గురించి అడగలేదు.

"అదంతా సరేగాని రిపోర్టరమ్మా, నాంచారమ్మగారు ఇంట్లోనే ఉన్నారా?" అన్నాడు వలలు అల్లే పేరయ్య.

"ఉన్నారు. గోదాం నుంచి వస్తూ చూశాను. అరుగు మీద కూచుని చింతకాయలు దంచుతున్నారు."

"పచ్చడి పెడతందంటే ఎక్కడికీ పోయే మనిషి కాదు" అంది ఇడ్లీబండి సామ్రాజ్యం. "ఊరగాయ ఊరాలిగా. పదండి, పదండి, పప్పు నానబెట్టుకోవాలి నేను."

నవ్వులు వినిపించాయి. జనం ఇళ్ళకు వెళ్ళారు.

నాంచారమ్మ మురారి తల్లి, పట్టాభికి అక్క. ఏడో కట్టకు పూచీదారు ఆవిడే. కట్ట పెంచినవాడి రక్తబంధువు ఒకరు కట్టను ఆనుకుని ఉన్న ఇంట్లో కాపురం ఉండాలి. బజారుకు వెళ్ళిరావచ్చు, పెళ్ళికి వెళ్ళిరావచ్చు. పెట్టె తీసుకుని గడప దాటితే మాత్రం కట్ట చెడినట్టు లెక్క. వీధి ఖాళీ చేయిస్తారు. కట్ట పెంచినవాడికి యావజ్జీవం. నాలుగో కట్ట తెగిన రోజున కొలత యంత్రాలన్నీ పచ్చదీపాలు చూపించాయి. ఆ తరువాతి సంవత్సరం పట్టాభి ఈ చట్టం తెచ్చాడు. యంత్రాలను ఊడబెరికి పాత ఇనుముకు అమ్మేశారు.

ఏకాదశి

ఈ వారం ఊటనీళ్ళు తోడే వంతు మా మేడది. కట్ట కింద వీధిలో ఎప్పుడూ కొంత ఊట ఉంటుంది. ఉదయం ఒకసారి గుంట తోడితే మర్నాటిదాకా సరిపోయేది. ఈరోజు మధ్యాహ్నానికి మళ్ళీ నిండింది. కార్తీకపు వానలని అన్నారు. నాలుక మీద వేసుకుని చూశాను. ఉప్పగా ఉంది.

భానుమతిని ఆవిడ కార్యాలయంలో కలిశాను. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో ఏ నాయకుడి బంధువును పట్టుకున్నా బదిలీ అయిన మనిషి. బీరువా పక్కన ఎప్పుడూ ఒక సంచి సర్దే ఉంటుంది.

"కట్టను పరీక్ష చేయిస్తున్నారా?" అని అడిగాను.

"నా కేసు మేత బిల్లుల మీద. ఒండ్రుకు మేత ధర తీసుకున్నాడు. అది రుజువు చేస్తాను, చాలు."

"ఒండ్రు తిన్న కట్ట సంగతి?"

"పరీక్ష చేయడానికి మనిషేడి? కట్టల తనిఖీ ఉద్యోగాలు తీసేసి ఎన్నాళ్ళయింది? పూచీదారే తనిఖీ అన్నారు." ఫైలు మూసింది. "నాంచారమ్మగారు ఇంట్లోనే ఉన్నారుగా?"

ఉన్నారని చెప్పాను. "మరింకేం" అంది.

మధ్యాహ్నం సమితి భవనం మెట్ల మీద పట్టాభి మాట్లాడాడు. తెల్లచొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు. మేనల్లుడైనా తప్పు చేస్తే శిక్ష పడాల్సిందేనన్నాడు. కేసులో వేలు పెట్టనన్నాడు. ఏడో కట్ట గురించి నేను అడిగాను.

"మా అక్క అక్కడే ఉంది. నాకు ఒక్కతే అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది. ఆవిడను నీళ్ళపాలు చేసుకునే దరిద్రుణ్ణా నేను?"

మెట్ల కింద నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారు. అమావాస్య పోటు ఈ ఏడాదికి పెద్దదని అధ్యక్షుడికి తెలుసా అని అడిగాను. తెలుసన్నాడు.

ద్వాదశి

ఉదయం గుంట రెండుసార్లు తోడాం.

నాంచారమ్మ ఇంటికి వెళ్ళాను. వీధిలో చివరి ఇల్లు. వంటింటి వెనక గోడ లేదు, కట్టే గోడ. అరుగు మీద కొత్త పడకకుర్చీ ఉంది. ఆవిడ మాత్రం గడప మీద కూర్చుంది.

"కూచో అమ్మాయ్. మావాణ్ణి పట్టుకెళ్ళేటప్పుడు నువ్వక్కడే ఉన్నావంటగా. తిన్నాడా వాడు?"

"తెలీదండీ. నేను వెళ్ళేసరికే గోదాంలో ఉన్నారు."

"తినుండడు. పొద్దున్నే కాసిని కాఫీనీళ్ళు పోసుకుని తిరుగుతాడు వెధవ." కుర్చీ వైపు చూపించింది. "మా తమ్ముడు పంపాడది. వీధికి కనపడేట్టు అందులో కూచోమని కబురు. కూచుంటే లేవలేను, లేస్తే నడుం పట్టుకుంటంది. అంత తెలివి ఉన్నవాడు అధ్యక్షుడు ఎలా అయ్యాడో."

నేను నవ్వాను. బయటికి వచ్చెయ్యమని ఎవరైనా అన్నారా అని అడిగాను.

"ఎందుకు రావాలి?"

అప్పుడే పోటు మొదలైంది. కట్టకు అవతల నీరు లేవడం వంటింట్లో నిలబడితే కాళ్ళకు తెలుస్తుంది. ఆవిడ లేచి నన్ను లోపలికి రమ్మంది.

"చెవి పెట్టు."

పెట్టాను. చిప్పకట్ట పోటు వేళ చప్పుడు చేస్తుంది. నీటితో వచ్చే మేత కోసం పురుగులు నోళ్ళు తెరిచి మూస్తుంటే మూకుట్లో ఆవాలు వేగినట్టు ఉంటుంది. ఈ తీరంలో పిల్లలు కూడా ఎరిగిన చప్పుడు. నేను చెవి తీయకుండా చాలాసేపు నిలబడ్డాను. మూడు చోట్ల పెట్టి చూశాను.

"ఏం వినపడింది?"

"ఏమీ వినపడలేదండీ."

"నాకూ అంతే. పోయిన ఎండాకాలం నుంచి. అంతకుముందు గోలగోలగా ఉండేది, చెవుల్లో దూది పెట్టుకునేదాన్ని."

"ఎవరికైనా చెప్పారా?"

"ఎవరికి చెప్పాలి? కట్ట వాడిది. వాడికి తెలీదా? ఏదో కొత్తరకం పురుగు తెచ్చాడేమో అనుకున్నా. కన్నతల్లిని దీని కింద పడుకోబెట్టి చూస్తా చూస్తా పాడుచేసుకుంటాడా ఎవడైనా?"

అక్కడి నుంచి నేరుగా ఎనిమిదో కట్టకు వెళ్ళాను. పోటు ఇంకా తగ్గలేదు. చెవి పెట్టనక్కర్లేకుండానే వినిపించింది.

సాయంత్రం వార్తల అరుగు మీద రెండూ చెప్పాను. ఏడో కట్టలో చప్పుడు వినిపించలేదు. ఎనిమిదో కట్టలో వినిపించింది. దాని అర్థం ఏమిటని పేరయ్య అడిగాడు. అర్థం నేను చూడలేదు, అందుకని చెప్పలేదు.

"నాంచారమ్మగారు విన్నారా?"

"విన్నారు. ఎండాకాలం నుంచీ చప్పుడు లేదన్నారు."

"విని కూడా ఉన్నారా?"

"ఉన్నారు."

"అయితే ఏం కాదులే" అన్నాడు పేరయ్య. చాలామంది తలలూపారు. ఇద్దరో ముగ్గురో మాత్రం కదలకుండా కాసేపు అక్కడే నిలబడ్డారు.

త్రయోదశి

మురారితో మాట్లాడడానికి భానుమతి అనుమతి ఇచ్చింది. తానూ గదిలో ఉంటానంది. మురారికి నలభై దాటాయి. తల్లి పోలికే. మూడు రోజులుగా గడ్డం తీయలేదు.

"బిల్లుల గురించి అడగను, అది కోర్టులో ఉంది. కట్ట నిలుస్తుందా?"

"నిలుస్తుందండీ."

"ఎలా తెలుసు?"

"అమ్మ ఉందిగా."

"ఆవిడ ఉంటే కట్ట ఎలా నిలుస్తుంది?"

"అట్లా కాదండీ." అతను ముందుకు వంగాడు. చిన్నపిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "నేను ఒక్కసారే తగ్గించలేదు. మొదట్లో కొద్దిగా తగ్గించాను. అమ్మ ఏమీ అనలేదు. ఆవిడ నోరు మీకు తెలీదు. పులుసులో ఉప్పెక్కువైతే ఎనిమిదో కట్ట దాకా వినపడుద్ది. అలాంటి మనిషి ఆ గోడకి ఆనుకుని పడుకుంటది. కట్టలో తేడా వస్తే ఊరుకుంటదా? ఊరుకుంది. అంటే కట్ట బాగున్నట్టేగా. అందుకని ఇంకాస్త తగ్గించాను. పోయినేడు సగం చేశాను. అప్పుడూ ఏమీ అనలేదు."

"ఆవిడను అడగలేదా?"

"అడిగితే అనుమానం రాదూ?"

భానుమతి రాసుకోవడం ఆపింది.

పోటు వేళ నేను ఏడో కట్టకు చెవి పెట్టిన సంగతి, నాంచారమ్మ ఎండాకాలం నుంచి ఏమీ వినలేదన్న సంగతి చెప్పాను. మురారి ఎన్ని చోట్ల పెట్టారని అడిగాడు. చెప్పాను. ఎనిమిదో కట్ట సంగతి అడిగాడు. అదీ చెప్పాను. తరువాత చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"మీ అమ్మగారికి ఏమైనా చెప్పాలా?"

"పెట్టె తీస్తే నాకు యావజ్జీవం" అన్నాడు. ఆ తరువాత, "ఆవిణ్ణి వంటింట్లో పడుకోవద్దనండి. ముందుగదిలో పడుకోమనండి."

వరండాలో భానుమతి నన్ను ఆపింది. కట్టను పరీక్ష చేయించాలని సమితికి అప్పటికప్పుడు వర్తమానం పంపానంది. సాయంత్రానికి జవాబు వచ్చింది. "పూచీదారు స్వస్థానంలో ఉన్నందున పరీక్ష అవసరం కనిపించలేదు." భానుమతి ఆ జవాబు నాకు చూపించింది, అందువల్ల రాస్తున్నాను.

నాంచారమ్మ దగ్గరికి వెళ్ళి మురారి మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతోంది. చివరిదాకా చేట ఆగలేదు. ముందుగది మాట దగ్గర ఆగింది.

"ముందుగదిలోనా?"

"అవునండీ."

"వంటింటికీ ముందుగదికీ మధ్య ఎంతుంది? ఇదిగో, ఈ కర్టెను." చేట పక్కన పెట్టింది. "నేను అరవలేదని తగ్గించాడా?"

"అలాగే అన్నారండీ."

"నా నోరు పడిపోను. పాలవాడి మీద అరిచాను, పేరయ్య పిల్లి మీద అరిచాను. ఎనిమిదేళ్ళలో నేను అరవంది ఈ గోడ మీదొక్కటే."

వాన లేదు. గుంట మూడుసార్లు తోడినట్టు మేడవాళ్ళు చెప్పారు. చివరిసారి నేనూ ఒక చెయ్యి వేశాను.

చతుర్దశి

ఉదయం ఏడు గంటలకు నాంచారమ్మ రేకు పెట్టె తీసుకుని గడప దాటింది. నేను ఎదురింటి అరుగు మీద ఉన్నాను. పెట్టె బరువుగా ఉంది, రెండు చేతులా పట్టుకుని మోకాళ్ళకు తగులుతుంటే నడిచింది. పక్క సందులో నుంచి వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. వీధి నడుమ నుంచి నడిచింది.

పేరయ్య పళ్ళు తోముకుంటున్నాడు. "అమ్మగోరూ, ఎక్కడికి?"

"మెరకకి. మీరూ రండి. పొయ్యి మీదవి దించి రండి."

"పెళ్ళేమైనా ఉందా?"

"పెట్టె కనపడతల్లా నీకు? పెళ్ళికి రేకుపెట్టె మోసుకెళ్తానా? లోపలికెళ్ళి నీ పెళ్ళాన్ని లేపు."

ఆ మాట వీధి మొదటికి ఆవిడకంటే ముందే చేరింది. అరగంటలో మంచాలు, స్టవ్వులు, కోళ్ళగంపలు బయటికొచ్చాయి. సామ్రాజ్యం బండి మీద ఇడ్లీపాత్రలు తీసేసి అత్తగారిని కూర్చోబెట్టింది. మెరకకు వెళ్ళే పడవల రేవులో వరస కట్టారు. తోపులాట లేదు. ఎవరూ నాంచారమ్మను తిట్టలేదు. ఆవిడ రేవు దగ్గర పెట్టె మీద కూర్చుంది. కొడుకు మాట ఒకరు ఎత్తబోతే, "వాడి మాట వద్దు. పడవెక్కు" అంది.

పదకొండింటికి పట్టాభి వచ్చాడు. వెంట ఇద్దరు మనుషులు, ఒక పరుపు. ఏడో కట్ట వీధిలోకి నేరుగా నడిచి నాంచారమ్మ ఇంటి గడప తొక్కాడు. పరుపు లోపల వేయించాడు. మనుషులను పంపించేసి అరుగు మీద పడకకుర్చీలో కూర్చున్నాడు.

"మేనమామ పూచీ చెల్లుతుంది. ఆ చట్టం రాసింది నేనే" అన్నాడు గుమిగూడినవాళ్ళతో. "పెద్దావిడ భయపడింది. కొడుకు జైల్లో ఉంటే ఏ తల్లికైనా మతి నిలవదు. మీరెందుకు భయపడతారు? నేను ఇక్కడే తింటాను, ఇక్కడే పడుకుంటాను. రేపటి పోటు ఇక్కడే చూస్తాను."

వీధిలో ఒకరు కోళ్ళగంప కిందకు దించారు.

కట్టకు చెవి పెట్టి చూశారా అని అడిగాను.

"నేనేమన్నా ఇంజనీరునా? నువ్వు విన్నది నువ్వు చెప్పు. నేను కూచున్నది కూడా చెప్పు. రెండూ నిజమేగా."

రెండూ నిజమే. అలాగే చెబుతానన్నాను.

మధ్యాహ్నం నాంచారమ్మ రేవు నుంచి తిరిగి వచ్చింది. పెట్టె లేదు. గడప బయటే నిలబడింది.

"తమ్ముడూ, లే."

"అక్కా, నువ్వు వెళ్ళు. నేనున్నాగా. నేను కూచుంటే పూచీ తప్పనట్టు. వాడి కేసు డబ్బు దగ్గర ఆగుద్ది. లేకపోతే వాడికి యావజ్జీవం, నాకు రాజీనామా. నీ కొడుకే కదే వాడు."

"నా కొడుకని నాకు తెలుసు. పెట్టె మోసింది నేను. నిన్ను చూసి వీళ్ళు మూటలు విప్పుతున్నారు. లే."

"కట్టకేం కాలేదు."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరో చెప్పేదేంటి? ఎనిమిదేళ్ళు నువ్వున్నావుగా."

ఆవిడ అరుగు ఎక్కి తమ్ముడి చొక్కా కాలరు పట్టుకుని లాగింది. డెబ్బయ్యేళ్ళ మనిషి, లాగలేకపోయింది. పట్టాభి ఆవిడ చెయ్యి మెల్లగా విడిపించి, మంచినీళ్ళు తాగమన్నాడు. చూస్తున్నవాళ్ళు తలలు తిప్పుకున్నారు.

సాయంత్రం వార్తల అరుగెక్కి, చూసినవన్నీ వరసగా చెప్పాను. గుంట ఎన్నిసార్లు తోడామో చెప్పాను. మురారి మాటలు, సమితి జవాబు, పెట్టె, పరుపు. కాలరు సంగతి కూడా చెప్పాను.

"ఇంతకీ కట్ట తెగుద్దా?" అని సామ్రాజ్యం అడిగింది. అత్తగారు ఇంకా బండి మీదే ఉంది.

"నాకు తెలీదు."

"మీరు ఎక్కడుంటారు రేపు?"

"ఎనిమిదో కట్ట మీద."

ఆమె బండిని రేవు వైపు తిప్పింది. పేరయ్య తిప్పలేదు. "అధ్యక్షుడండీ ఆయన. ప్రాణం మీద మనకంటే ఆయనకే ఎక్కువ తీపి ఉంటుంది. ఊరికే కూచుంటాడా?" అన్నాడు. ఎక్కువమంది పేరయ్యతోనే వీధిలోకి నడిచారు. దీపాలు పెట్టే వేళకు సగానికి పైగా ఇళ్ళలో పొయ్యిలు వెలిగాయి. నాంచారమ్మ ఇంటింటికీ వెళ్ళి పేరు పెట్టి పిలుస్తోంది. కొందరు తలుపు తీస్తున్నారు.

రేపు అమావాస్య. పోటుకు ముందు మెరకకు చివరి పడవ ఉదయం ఏడున్నరకు. పెద్దపోటు తొమ్మిదింటికి. మురారి బెయిలు విచారణ పదకొండింటికి, సాక్షి నాంచారమ్మ. పూచీదారు మార్పును ఆమోదించడానికి సమితి సమావేశం మధ్యాహ్నం మూడింటికి, అధ్యక్షత పట్టాభి. వార్త ఎప్పటిలాగే సాయంత్రం ఆరింటికి. ఈ అరుగు మీద కాదు, మెరక మీద.